పండగ రంగుకు ముందు మిద్దె ఎక్కి చూడండి

సంపాదకులకు నమస్కారం.

వినాయక చవితి వెళ్లగానే నెల్లూరులో పెయింటర్లకు తీరికుండదు. దసరాకు ఇల్లు కళకళలాడాలని లోపల పుట్టీ, బయట ఎమల్షన్ వేయిస్తారు. కార్తీకం వచ్చేసరికి అదే గోడ మీద పసుపుపచ్చ చారలు, స్లాబు అంచున పెచ్చులు. పెయింటు మంచిది కాదని మరుసటేడు కంపెనీ మారుస్తారు. పెయింటు ఏం చేస్తుంది? పైన మిద్దె ఉరుస్తుంటే ఏ రంగూ నిలవదు. మన జిల్లాలో పైకప్పు పని దసరాకు ముందు, రంగు పని సంక్రాంతికి ముందు జరగాలి. మనం తిరగేసి చేస్తున్నాం.

గోదావరి జిల్లాల్లో వానలు ఎక్కువగా జూన్, సెప్టెంబరు మధ్యే పడిపోతాయి, దసరాకు రంగు వేసుకుంటే అక్కడ సరిపోతుంది. నెల్లూరులో ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు మధ్యే కురుస్తుంది. ఈశాన్య రుతుపవనాల ప్రవేశానికి వాతావరణ శాఖ చెప్పే సాధారణ తేదీ అక్టోబరు 20. ఈ 2026లో అధిక జ్యేష్ఠం వచ్చి పండగలు ఆలస్యమయ్యాయి కనుక విజయదశమి కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే వచ్చింది. దీపావళి నవంబరు 8న. 2021లో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు కట్ట కోసుకుపోయింది నవంబరులోనే. 2023లో మిచౌంగ్ తుపాను వచ్చింది డిసెంబరు మొదట్లో.

కాబట్టి మిద్దె పనికి మిగిలింది భాద్రపదం. శూన్యమాసం, అందులోనూ మహాలయ పక్షాలు, ఇప్పుడెలా అని చాలామంది వెనకాడతారు. కొత్త ఇంటికి ముహూర్తం పెట్టవద్దన్నారు గానీ కారే కప్పును బాగుచేయవద్దని ఎవరూ అనలేదు. శంకుస్థాపనలు, గృహప్రవేశాలు లేని రోజులు కనుక బేల్దారి మేస్త్రీలు పిలవగానే దొరికేదీ అప్పుడే.

ముందు చూడవలసింది స్లాబు నడిమధ్య కాదు. చాలా మిద్దెలు పిట్టగోడ, స్లాబు కలిసే మూలలోనూ, నీళ్లు దిగే తూము చుట్టూనే ఉరుస్తాయి. ఎండకు స్లాబు సాగుతుంది, రాత్రికి ముడుచుకుంటుంది. దాని మీద కట్టిన పిట్టగోడ దానితోపాటు అంతే కదలదు. ఆ అతుకులో వెంట్రుకవాసి బీట వస్తే చాలు. బీట మీద సిమెంటు పాలు పూసి వదిలేస్తే ఎండిన మర్నాడే మళ్లీ విచ్చుకుంటుంది. ఉలితో సెంటీమీటరు వెడల్పు, సెంటీమీటరు లోతున ఇంగ్లిషు ‘వి’ ఆకారంలో తెరిచి, దుమ్మంతా బ్రష్షుతో దులిపి, తడిపి, ఒక పాలు సిమెంటు, మూడు పాళ్లు జల్లించిన ఇసుకలో రబ్బరు పాల లాంటి లేటెక్సు ద్రవం కలిపి కూరాలి. మూల పొడవునా అదే మాలుతో గుండ్రంగా వాలు తీయాలి, నీరు మూలలో నిలవకుండా. పది అడుగులకు కనీసం అంగుళంపావు వాలు తూము వైపు ఉండాలి. వెయ్యి చదరపుటడుగుల మిద్దె మీద పది సెంటీమీటర్ల వాన పడితే దిగవలసిన నీళ్లు సుమారు 9,300 లీటర్లు. రెండంగుళాల గొట్టం ఒక్కటి పెట్టి ఇంత నీటిని దించమంటే ఎలా దించుతుంది? నాలుగంగుళాలవి రెండు పెట్టించండి.

పైన వాటర్‌ప్రూఫ్ కోటింగు వేసేముందు పాచిని ఇనుప బ్రష్షుతో గీకి, కడిగి, పూర్తిగా ఆరనివ్వాలి. పాచి మీద వేసిన కోటింగు పాచితోపాటే లేచి వస్తుంది. మన సెప్టెంబరులో మధ్యాహ్నం నిప్పులు చెరిగే ఎండ, సాయంత్రం ఉరుముల వాన. ఎండలో వేస్తే పైపొర ముందే ఆరి అడుగున బుడగలు కడుతుంది. పొద్దుపోయాక వేస్తే వానకు కొట్టుకుపోతుంది. తెల్లవారగానే మొదలుపెట్టి తొమ్మిదింటికల్లా ముగించాలి. మొదటి పూత నిలువుగా వేస్తే రెండోది అడ్డంగా వేయాలి. మూలల్లో రెండు పూతల మధ్య ఫైబరు వల పరచాలి, స్లాబు మీదికి ఆరంగుళాలు, గోడ మీదికి ఆరంగుళాలు. డబ్బా మీద రాసిన చదరపుటడుగుల లెక్కకు మించి సాగదీస్తే ఆ డబ్బు దండగే. వారం ఆరాక తూము మూసి రెండంగుళాల నీళ్లు ఒక రోజంతా నిలపండి. కింద చెమ్మ రాకపోతేనే మేస్త్రీకి చివరి డబ్బులివ్వండి.

రంగనాయకులపేట, మూలపేట లాంటి పాత పేటల్లో దూలాల మీద ఇటుక, సున్నంతో వేసిన మద్రాసు మిద్దెలకు ఈ లెక్క వర్తించదు. వాటికి సిమెంటు అస్సలు తగిలించవద్దు. సున్నపు గచ్చు మెత్తన, సిమెంటు బిరుసు. రెండూ కలవక అంచున విడిపోతాయి. లోపలి చెమ్మ పైకి ఆవిరయ్యే దారి మూసుకుపోయి, గోడలో దిగిన దూలం కొన పుచ్చుతుంది. దూలం పుచ్చింది బయటికి తెలియదు, తెలిసేనాటికి మిద్దె కుంగుతుంది. సున్నం, ఇటుక పొడితోనే పూడ్చండి. ఆ పని తెలిసిన పాత మేస్త్రీలు తగ్గిపోతున్నారు. వాళ్లుండగానే కుర్రవాళ్లను పక్కన కూర్చోబెట్టాలి.

మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలో సన్‌షేడు అడుగున పెచ్చు ఊడితే లోపల కమ్మీ తుప్పు పట్టిందని అర్థం. తుప్పు ఇనుముకన్నా ఎక్కువ చోటు తీసుకుంటుంది, అందుకే కాంక్రీటును తోసేస్తుంది. పైన పూత పూసి దాచవద్దు. కమ్మీ వెనక దాకా కొట్టి, తుప్పు గీకి, జింకు ప్రైమరు పూశాకే మాలు పెట్టాలి.

ఇక పండగకు గోడలు తెల్లగా ఉండాలంటారా, సున్నం కొట్టించండి. కిలో సున్నానికి ఐదు లీటర్ల నీళ్లు పోసి, రెండు రోజులు నానబెట్టి, గుడ్డలో వడగట్టి వేస్తే చాలు. సున్నం గోడను ఊపిరాడనిస్తుంది, ఎమల్షన్ ఊపిరి మూస్తుంది. ఎమల్షన్ డిసెంబరు చివరి దాకా ఆపండి. అప్పుడైనా వేసేముందు రెండడుగుల పాలిథీన్ కాగితాన్ని గోడకు నాలుగు పక్కలా టేపుతో అతికించి ఒక రోజు వదిలేయండి. లోపలి వైపు నీటి బొట్లు కడితే గోడ ఇంకా పచ్చిగా ఉన్నట్టే. భోగి అయినా సరే, ఉగాదికి వాయిదా వేసుకోండి. కొత్తగా సిమెంటు పూత పూసిన గోడకైతే 28 రోజులు ఆగక తప్పదు.

బొమ్మల కొలువు పేరంటానికో, నవరాత్రి పూజలకో మిద్దె మీద షామియానా వేసేవాళ్లకు ఒక మనవి. స్లాబులో మేకులు కొట్టించకండి, ఇసుక బస్తాలకు తాళ్లు కట్టించండి. ఒక్క మేకు రంధ్రం చాలు, పదివేలు పోసి వేసిన కోటింగు వృథా కావడానికి. సీరియల్ బల్బుల అతుకులు తడిగోడకు తగలకూడదు. మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చు) ఉంటే దాని టెస్టు బటన్ నొక్కి చూడండి. నొక్కగానే కరెంటు పోకపోతే అది పనిచేయడం లేదు.

దీపావళి మర్నాడు తెల్లవారగానే వాకిలికన్నా ముందు మిద్దె ఊడ్వండి. కాలిన టపాసుల కాగితాలు, వేపాకులు కలిసి తూము జాలీ మీద మెత్తటి ముద్దలా కూర్చుంటాయి. అంతగా కష్టపడి తీసిన వాలు నీటినంతా తెచ్చి అక్కడే నిలబెడుతుంది.

– ఒక సివిల్ ఇంజనీరు, నెల్లూరు