వార్షిక నివేదిక: ఆదివారం చిట్కా మారిన ఏడాది

సభ్యులందరికీ నమస్కారం. సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదిక చదవాలన్నది నియమం. ఈసారి చదవాలని నాకూ ఉంది.

సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు తెలిసిందే, నేరుగా పిల్లలకు ఆదివారం చెప్పే పైథాన్ చిట్కా సంగతికి వస్తా. పైథాన్ అంటే కంప్యూటర్ ప్రోగ్రాంలు రాసే భాష. ఇన్నాళ్లూ బోర్డు మీద ఒక చిట్కా రాసేవాళ్లం. పిల్లలు ఫోన్‌లో ఫొటో కొట్టుకుని గడియారం సెంటర్ వైపు చాయ్‌కి పోయేవాళ్లు. మరుసటి వారం అడిగితే ఒక్కరికీ గుర్తుండేది కాదు. నిజం చెప్పాలంటే రాసిన నాకే గుర్తుండేది కాదు.

అందుకే వానాకాలం నుంచి చిట్కా చెప్పడం మానేశాం. తేడాగా నడిచే చిన్న ప్రోగ్రాం ఒకటి ఇస్తున్నాం. ఏం వస్తుందో ముందు కాగితం మీద రాయాలి, తర్వాతే నడపాలి, ఎందుకలా వచ్చిందో పక్కవాళ్లకు చెప్పాలి.

మొదటి వారం 0.1కి 0.2 కలపమన్నాం. అందరూ 0.3 అని రాశారు. తెర మీద 0.30000000000000004 వచ్చింది. "సార్, కంప్యూటర్ ఖరాబైంది" అన్నాడొకడు. ఒకటిని మూడుతో భాగిస్తే 0.333 అంటూ తెగనట్టే, కంప్యూటర్ వాడే, 0, 1 అంకెలు మాత్రమే ఉండే బైనరీ లెక్కలో 0.1 కూడా తెగదని, అది దగ్గరి విలువనే దాచుకుంటుందని తేలడానికి గంట పట్టింది. నాన్న కిరాణా కొట్టుకు బిల్లుల ప్రోగ్రాం రాస్తున్న డిగ్రీ అబ్బాయి పూర్తి అంకెలైతే ఈ గొడవ ఉండదని అక్కడికక్కడే రూపాయలన్నీ పైసల్లోకి మార్చేసుకున్నాడు.

ఇక మన ప్రదర్శన రోజు. పానగల్ నుంచి వచ్చే పదో తరగతి అమ్మాయి మార్కుల ప్రోగ్రాంలో విలువలకు ఇచ్చే పేర్లన్నీ తెలుగులో పెట్టింది: మొత్తం, సగటు. 2008లో వచ్చిన పైథాన్ 3 నుంచి ఆ వీలుంది. 'టోటల్‌మార్కులు' దగ్గర మాత్రం ప్రోగ్రాం ఆగిపోయింది. పొల్లు తర్వాత కీబోర్డు చొప్పించిన కంటికి కనపడని అక్షరం ఒకటి అడ్డుపడిందని మా ఎవరికీ తట్టలేదు, ఆమే పట్టుకుంది. పై వారం ప్రోగ్రాం అదే అయింది.

పేర్లిచ్చిన వాలంటీర్లు పదకొండు మంది, వచ్చేది నలుగురు. మిగతావాళ్లను ప్రదర్శన నాటి గ్రూప్ ఫొటోలో చూడొచ్చు. హాలు కోసం ఒక ఆఫీసుకు మూడుసార్లు దరఖాస్తు పెట్టాం. సార్ మీటింగులో ఉన్నారట, మూడుసార్లూ.

జమాఖర్చుల కాగితం మీ కుర్చీల మీద ఉంది. మిగులు కొంచెమే.

మేడ గది ఉచితంగా ఇచ్చిన ఇంటివారికి, పాత ల్యాప్‌టాప్‌లు బాగుచేసిపెట్టిన తమ్ముడికి, ప్రతి ఆదివారం బోర్డు తుడిచి కుర్చీలు వేసిన ఇంటర్ పిల్లలకు, చాయ్ బాకీ అడగని హోటల్ అన్నకు కృతజ్ఞతలు.

వచ్చే ఏడాది ప్రోగ్రాంలు నేనొక్కణ్నే తయారుచేయలేను. నెలకొకటి ఇవ్వగలిగినవాళ్లు ఇవాళే పేరు రాయండి. ప్రొజెక్టర్ కేబుల్ తీసుకెళ్లినవారు దయచేసి తెచ్చివ్వండి.

— కార్యదర్శి, నల్లగొండ