ఈ ఏడాది మూర్‌ల మీద మన నడకలు: వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. ఎప్పటిలా ఎన్ని నడకలు, ఎంతమంది వచ్చారు అనే లెక్కతో మొదలుపెట్టడం లేదు. మూర్‌ల మీద, అంటే చెట్లు లేని ఎత్తైన బయలు నేలల మీద, కెమెరాలతో తిరిగి ఈ ఏడాది మనం నేర్చుకున్నది ఒకటే: జంతువు వెంట పడొద్దు, ఒకచోట కూర్చోవాలి.

జనవరిలో తెల్ల కుందేళ్ల కోసం ‘బ్లీక్‌లో’ అనే కొండ ఎక్కాం. ఇంగ్లండ్ మొత్తంలో కొండకుందేలు ఉన్నది మన పీక్ డిస్ట్రిక్ట్‌లోనే, అవీ 19వ శతాబ్దంలో వేట కోసం తెచ్చి వదిలినవే. చలికాలంలో ఒళ్లంతా తెల్లబడినా చెవుల కొసలు నల్లగానే ఉంటాయి. మొదటిది కనపడగానే ఐదారుగురం ఒక్కసారిగా ముందుకు కదిలాం, అది లేచి వాలు దాటి మాయమైంది. అది పడుకున్న చోటు చూస్తే, పీట్ (కుళ్లిన నాచుతో ఏర్పడిన నల్లమట్టి) గట్టు పక్కన గాలి తగలని చిన్న గుంట, దాని ఒంటి వేడికి అడుగున మంచు కరిగి ఉంది. ఆ చలిలో అది వెచ్చగా చేసుకున్న చోటు మన తొందర వల్ల పోయింది. ముందు నడిచింది నేనే కాబట్టి ఇది ఇక్కడ రాయాల్సిందే.

ఫిబ్రవరిలో మళ్లీ అదే దారి, ఈసారి నలుగురమే. బండ చాటున గంటన్నర కదలకుండా కూర్చున్నాం. కుందేలు తనంతట తానే లేచి, ఒళ్లు విరుచుకుని, ముందు కాళ్లతో మొహం తుడుచుకుంది. గాలికి వీపు మీద బొచ్చు విడిపోయి లోపలి బూడిదరంగు కూడా కనిపించింది. కొత్తవాళ్లకు ఒక మాట: మంచు మీద కెమెరా చూపించిన ఎక్స్‌పోజర్ (వెలుతురు కొలత) నమ్మితే తెలుపంతా మురికిగా వస్తుంది, ఒక స్టాప్, అంటే వెలుతురు రెట్టింపయ్యేంత, పెంచండి, రెండో బ్యాటరీ లోపలి జేబులో ఒంటికి ఆనించి పెట్టుకోండి.

అదే కొండ మీద హయ్యర్ షెల్ఫ్ స్టోన్స్ దగ్గర 1948 నవంబర్ 3న కూలిన అమెరికా సైనిక విమానం బి-29 శకలాలు ఇప్పటికీ ఉన్నాయి. అదీ ఫొటోలు తీసే విమానమే, 13 మంది పోయారు. అక్కడ చాలాసేపు ఎవరూ కెమెరా ఎత్తలేదు.

మార్చి 1 నుంచి జూలై 31 వరకు ఈ బయలు నేలల్లో కుక్కలను పొట్టి తాడుతో పట్టుకునే నడవాలని చట్టం, కర్లూ, గోల్డెన్ ప్లోవర్ లాంటి పక్షులు నేలమీదే గుడ్లు పెడతాయి గనక. మన నడకలకు కుక్కలు రావు, కానీ ట్రైపాడ్ పట్టుకుని హెదర్ పొదల్లోకి దిగే మనిషి వల్ల కూడా తల్లి గూడు వదిలి లేస్తుంది. అందుకే ఆ ఐదు నెలలూ బాట దిగకూడదని కమిటీ ప్రతిపాదన, సర్వసభ్య సమావేశంలో ఓటుకు పెడతాం. ఈ కొండల మీద నడవడం కోసం 1932లో యజమానుల అడ్డు లెక్కచేయక కిండర్ స్కౌట్ కొండ ఎక్కినవాళ్లలో ఐదుగురు జైలుకెళ్లారు. అంత కష్టపడి తెచ్చుకున్న హక్కును జాగ్రత్తగా వాడుకుందాం.

ఆగస్టులో హెదర్ పూసినప్పుడు హిగర్ టార్ గుట్ట మీద తెల్లవారుజామున పొగమంచు దొరికింది. ఎగ్జిబిషన్‌కు పంపేవాళ్లు ఆ ఊదారంగును దయచేసి పెంచకండి, ఉన్నదే చాలా బాగుంది. డబ్బు సంగతి: హాలు అద్దె పోగా కొంచెం మిగిలింది, దాంతో కొత్తవాళ్లకు ఇవ్వడానికి రెండు జతల వాటర్‌ప్రూఫ్ బూట్లు కొంటున్నాం.

వచ్చే నడక స్టానేజ్ ఎడ్జ్ అనే కొండ అంచుకు, హ్యాదర్‌సేజ్ రైల్వే స్టేషన్ బయట కలుద్దాం. కింద వేసుకుని కూర్చోవడానికి ఒక పట్టా తెచ్చుకోండి.