పులస పేరుతో పోతున్న సొమ్ము

సంపాదకులకు,

అయ్యా,

గోదావరికి ఎర్రనీరు తగిలినప్పటి నుంచి సెప్టెంబరు దాకా రాజమహేంద్రవరం, రావులపాలెం, యానాం పరిసరాల్లో పులస పేరుతో అమ్ముడయ్యే చేపల్లో గోదావరివి కానివి ఎన్నో ఉంటున్నాయన్నది ఇక్కడివారికి తెలియని సంగతేమీ కాదు. ఒడిశా, పశ్చిమ బెంగాల్ తీరాల్లో పట్టిన విలసలు (నదిలోకి రాకముందు, సముద్రంలో ఉండగా ఆ చేపకున్న పేరు) ఐసు పెట్టెల్లో వచ్చి, మన రోడ్ల పక్క గంపల్లోకి చేరేసరికి పులసలైపోతున్నాయి. ఏటా ఈ వార్త వస్తూనే ఉన్నా, భోజనప్రియులు మోసపోయిన ముచ్చటగా చదివి వదిలేస్తున్నామే తప్ప, ఎవరి సొమ్ము ఎంత పోతోందో లెక్క చూడడం లేదు.

కిలోన్నర విలస రెండు వేలు, అదే తూకం పులస పది వేలు అనుకుందాం. వేలంపాటలో పులస ఇంతకు రెట్టింపు పలికిన సందర్భాలూ ఉన్నాయి. మధ్యనున్న ఎనిమిది వేలు కొన్నవాడికి నష్టం, దళారికి లాభం. పుస్తెలమ్మైనా పులస తినాలనే సామెత ఉన్న నేల మీద ఈ దోపిడీకి గిరాకీ తగ్గదు. అయితే నన్ను ఎక్కువగా బాధించేది జాలరి నష్టం. వరద ఉద్ధృతిలో పడవ నిలదొక్కుకుని రాత్రంతా వల వేసినా ఒక్క చేపా పడని రోజులే అతనికి ఎక్కువ. పడిన ఆ ఒక్కదాన్ని రేవుకు తెచ్చేసరికి పక్కన గంపల నిండా ‘పులసలు’ కనిపిస్తుంటే, ఒకసారి మోసపోయిన కొనుగోలుదారు అసలైనదాన్నీ అనుమానంగానే చూసి ధర తెగ్గోస్తాడు. అబద్ధమాడినవాడికి అదనపు ధర దక్కుతోంది, నిజం చెప్పినవాడు దాన్ని రుజువు చేసుకోలేక నష్టపోతున్నాడు.

రుజువు ఎందుకంత కష్టమో చెప్పాలి. కొరమీను పేరుతో పంగాసియస్ అనే చౌక చేప ముక్కలు వడ్డిస్తే డీఎన్ఏ పరీక్షతో పట్టుకోవచ్చు, ఎందుకంటే అవి రెండు వేర్వేరు జాతులు. పులస, విలస మాత్రం ఒకే జాతి. సముద్రంలో ఉన్నప్పుడు విలస, గుడ్లు పెట్టడానికి నదిలోకి ఎదురీది వచ్చాక పులస. జాతిని తేల్చే పరీక్ష ఈ రెంటినీ విడదీయలేదు. అనుభవమున్నవారు పొలుసుల మీది బంగారు ఛాయను, మొప్పల ఎరుపును, కళ్ల తేటదనాన్ని చూసి పోల్చుకుంటామంటారు. ముక్కలు కోసి పులుసులో వేశాక ఆ గుర్తులేవీ మిగలవు. హైదరాబాదుకు పార్శిల్‌లో తెప్పించుకునేవారికి అమ్మినవాడి మాటే ఆధారం.

ఇంకో నష్టం ఎవరికీ కనిపించడం లేదు. మార్కెట్లో గంపలు నిండుగా ఉంటే గోదావరిలో పులస తగ్గిపోతోందన్న జాలర్ల మొర ఎవరి చెవికెక్కుతుంది? ధవళేశ్వరం ఆనకట్ట దిగువన, నది సముద్రంలో కలిసే చోట్ల ఆ చేపను కాపాడుకోవాలన్న ఒత్తిడి ప్రభుత్వం మీద ఎలా వస్తుంది?

ఇది మన ఒక్కరి సమస్యే కాదు. అమెరికాలోని బిలాక్సీలో పేరున్న ఒక రెస్టారెంటు, భారత్ సహా పలు దేశాల నుంచి దిగుమతైన చౌక చేపను స్థానిక చేపగా ఏళ్ల తరబడి అమ్మినట్లు 2024లో కోర్టులో ఒప్పుకుంది. కొనుగోలు రికార్డులు తప్పనిసరైన చోట అటువంటి మోసం ఎప్పటికైనా బయటపడుతుంది. మన 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం కూడా తప్పుడు పేరుతో ఆహారం అమ్మితే జరిమానా వేయవచ్చునంటోంది. కానీ బిల్లే లేని గంప మీద ఏ అధికారి కేసు నిలబెట్టగలడు?

ఐరోపా సమాఖ్య 2013లో తెచ్చిన నిబంధన ప్రకారం, మంచినీటి చేప అయితే ఏ నదిలో, ఏ చెరువులో పట్టారో కూడా కొనేవాడికి చెప్పాలి. మనకు అంత పెద్ద ఏర్పాటు అక్కర్లేదు. సీజన్ మూడు నెలలూ అంతర్వేది, యానాంల నుంచి ధవళేశ్వరం దాకా ఉన్న రేవుల్లో పడిన ప్రతి పులసకూ తేదీ, రేవు, బరువు, పడవ నంబరు రాసిన రసీదు ఇచ్చి, చేప చేతులు మారినప్పుడల్లా ఆ కాగితం కూడా వెంట వెళ్లాలన్న షరతు పెడితే చాలు. రసీదు లేనిదాన్ని విలసగా అమ్ముకోవచ్చు, అదీ మంచి చేపే, దాని ధరకు అది పోతుంది.

యానాం పుదుచ్చేరి పరిధిలో ఉంది గనుక ఒక్క ఆంధ్రప్రదేశ్ ఉత్తర్వుతో ఇది కుదరదు. రెండు మత్స్యశాఖలూ జూన్‌లోగా కూర్చుని, ఉభయ ప్రాంతాల్లోనూ చెల్లే ఒకే రసీదును ఖరారు చేయాలని, మీ పత్రిక ద్వారా ఈ విషయాన్ని వారి దృష్టికి తీసుకువెళ్లాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
రాజోలు, కోనసీమ జిల్లా