శ్రావణం బుకింగులు ఇచ్చినవాళ్ళకి: వద్దనుకునే పాటలు కూడా రాసి పంపండి

ఆషాఢం కాబట్టి మాకిప్పుడు ఖాళీ. స్పీకర్ బాక్సులు విప్పి దుమ్ము తుడుచుకుంటున్నాం, తెగిన కేబుళ్ళు అతికించుకుంటున్నాం. శ్రావణంలో తిరుపతి, చంద్రగిరి, పుత్తూరు వైపు రిసెప్షన్లకి మా డీజే బుక్ చేసుకున్నవాళ్ళకి పాటల సంగతి ముందే చెప్పేద్దామని రాస్తున్నా. కొన్ని మాటలు కటువుగా ఉంటే ఏమనుకోకండి.

చాలామంది నూట యాభై పాటల లిస్టు పంపుతున్నారు. అన్ని పాటలు పట్టవు. మన వైపు రిసెప్షన్ ఎక్కువగా ముహూర్తానికి ముందురోజు సాయంత్రమే. కార్డులో ఏడు గంటలని వేస్తారు, జంట స్టేజీ ఎక్కేసరికి ఏడున్నర దాటుతుంది. తర్వాత ఫొటోల క్యూ. బంధువులు, ఆఫీసువాళ్ళు, నాన్నగారి స్నేహితులు అందరూ అయ్యేదాకా పెళ్ళికూతురు స్టేజీ దిగలేదు. డాన్సుకి నిజంగా మిగిలేది గంట. పాటని రెండున్నర నిమిషాలకి కోసి ఒకదానికొకటి కలిపినా పాతిక పాటలు దాటవు. అందుకే డాన్సు పాటలు ఇరవై చాలు. మిగతావి ఆ రోజు జనాన్ని చూసి మేం వేస్తాం, అది మా పని.

ఫొటోల టైముకి వేరే పాటలు కావాలి. తిరుపతి కాబట్టి మొదట స్వామి పాట ఒకటి పడాల్సిందే, దానికి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ తర్వాత పాత మెలోడీలు, వీణ మీదో ఫ్లూట్ మీదో వాయించిన పాటలు, అదీ పక్కమనిషితో మాట్లాడుకునేంత సౌండులో. భోజనాల హాలు వైపు బాక్సు పెట్టమని మాత్రం అడగొద్దు. ఇంకో వడ కావాలన్నా అరిచి చెప్పాలంటే పెద్దవాళ్ళకి చిరాకు.

ఇక అసలు సంగతి. కావాల్సిన పాటల కన్నా వద్దనుకునే పాటల లిస్టు మాకు ఎక్కువ అవసరం. ట్యూన్ బాగుందని పంపుతారు, మాటలు వినరు. జంట ఎంట్రీకి అడిగే పాటల్లో ప్రేమ విఫలమై ఏడ్చే పాటలు ఎన్నుంటాయో చెబితే నమ్మరు. తమిళ పాటలతో ఇంకా జాగ్రత్త. చిత్తూరు, నగరి, పుత్తూరు వైపు పెళ్ళంటే హాల్లో చాలామందికి తమిళం వచ్చు. గానా పాటల్లో, అంటే చెన్నై వీధుల్లో పుట్టిన బీటు పాటల్లో, చావింటి దగ్గర పాడేవి కూడా ఉన్నాయి. బీటు బాగుందని కుర్రాళ్ళు ఎగురుతుంటే వేలూరు నుంచి వచ్చిన మామగారు ముఖం చిట్లిస్తారు. మీ ఇంట్లో ఈమధ్య ఎవరైనా పోయి ఉంటే, వాళ్ళకి ఇష్టమైన పాట వద్దనిపిస్తే అదీ రాయండి. కారణం మేం అడగం.

రాజకీయ పార్టీల పాటలు ఎవరు అడిగినా వేయం. ఇది ఈ సీజన్ నుంచి పెట్టుకున్న నియమం. రెండు వైపులా ఒకే పార్టీ అని మీరు చెప్పినా సరే, వచ్చిన అతిథులంతా ఆ పార్టీ కాదు కదా. హీరోల పాటలు వేస్తాం కానీ ఒకే హీరోవి వరసగా రెండు వేయం. ఒకరికి ఈల పడితే ఇంకొకరి ఫ్యాన్స్ మా టేబుల్ మీదికి వస్తారు, మధ్యలో నలిగేది మిక్సర్ దగ్గర నిలబడే పిల్లోడు. "అన్నా, ఒక్క పాటన్నా" అని చేతిలో ఐదొందలు పెట్టేవాళ్ళూ ఉంటారు. డబ్బు తీసుకోవద్దని మావాళ్ళకి గట్టిగా చెప్పాం.

అందుకే ఆడపెళ్ళివారి నుంచి ఒకరు, మగపెళ్ళివారి నుంచి ఒకరు, ఇద్దరి నంబర్లు ఇవ్వండి. వాళ్ళు చెప్పిందే వేస్తాం. నాన్నగారి పేరు ఇవ్వకండి. ఆయన గేటు దగ్గర నమస్కారాలు పెడుతూ ఉంటారు, ఫోన్ ఎత్తరు. చెల్లెలో, బావమరిదో అయితే మేలు.

రాత్రి పది గంటల మాట కూడా చెప్పుకోవాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా బయట లౌడ్‌స్పీకర్ పెట్టకూడదు. నాలుగు గోడల మధ్య ఉన్న హాలుకి మినహాయింపు ఉంది, ఆ సౌండు బయటికి పోకూడదు. లాన్లలో చేసేవాళ్ళకి ఆ వెసులుబాటు లేదు, పదికి బాక్సులు ఆగిపోతాయి. ఆస్పత్రి, బడి, కోర్టు చుట్టూ వంద మీటర్లు నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించి ఉంటే పగలైనా సౌండు మీద ఆంక్షలు ఉంటాయి. మండపం అలాంటిచోట ఉంటే బుకింగ్ అప్పుడే చెప్పండి. అయినా తెల్లవారుజామున ముహూర్తం పెట్టుకుని అర్ధరాత్రి దాకా డాన్సు ఏంటి చెప్పండి!

ఈమధ్య కొన్ని మండపాలవాళ్ళు పాటలకి లైసెన్సు ఫీజు కట్టాలని అడుగుతున్నారట, కస్టమర్లు టెన్షన్‌తో ఫోన్ చేస్తున్నారు. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో పెళ్ళి ఊరేగింపుకీ, పెళ్ళికి సంబంధించిన వేడుకలకీ మినహాయింపు ఉంది. పెళ్ళి వేడుకల్లో పాటలకి రాయల్టీ అడగకూడదని 2023 జూలైలో కేంద్రం నోటీసు కూడా ఇచ్చింది. అది చూపించండి. వీడియోలో పాట పెట్టి యూట్యూబ్‌లో వేసుకోవడం మాత్రం వేరే సంగతి, అక్కడ సౌండు కట్ అయితే మమ్మల్ని అడగొద్దు.

లిస్టు పెళ్ళికి పది రోజుల ముందు వాట్సాప్‌లో రాసి పంపండి, పాట పేరు, సినిమా పేరు చాలు. ఫైళ్ళు వద్దు. ఫోన్లో ఎక్కడినుంచో దించిన పాట పెద్ద బాక్సుల్లో గరగరమంటుంది, మంచి కాపీ మేమే తెచ్చుకుంటాం. సంగీత్‌కి మీ పిల్లలు కోసి కలిపిన డాన్సు ట్రాక్ ఉంటే అదొక్కటి పెన్‌డ్రైవ్‌లో వేసి సాయంత్రం ఐదుకల్లా మావాళ్ళ చేతికివ్వండి. బ్లూటూత్ పెట్టి వేద్దామంటే మధ్యలో ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు.