ఓపీ బయట బెంచీ మీద కూర్చున్న అక్కకి థాంక్స్

మా అమ్మకి రుమటాయిడ్ ఆర్థరైటిస్, అదే కీళ్లు వాచి వంకర్లు పోయే కీళ్లవాతం, చాలా ఏళ్లుగా ఉంది, వేళ్లన్నీ చిటికెన వేలు వైపు వాలిపోయి అన్నం కలుపుకోవడం కూడా కష్టమైపోయింది. పిడికిలి కణుపుల దగ్గర సిలికాన్ కీళ్లు వేద్దామని డాక్టర్ గారు అనేసరికి అందరం హడలిపోయాం. అప్పుడు పక్కన కూర్చున్న అక్క తన చెయ్యి చాపి చూపించి "నొప్పి పోద్ది పిన్నీ, వేళ్లు తిన్నగా అవుతాయి, కానీ పట్టు పెద్దగా పెరగదు, బిందెలు మోసేద్దామనుకోకండి" అంది. అంత సూటిగా ఇంకెవరూ చెప్పలేదండీ!

ఈ సిలికాన్ కీలు 1960ల్లో అమెరికాలో స్వాన్సన్ అనే సర్జన్ తెచ్చారంట, ఎముకల మధ్య వంగే ముక్క అంతే, దాని చుట్టూ మన ఒళ్లే గట్టి పొర కట్టుకుంటుంది, ఏళ్లు గడిస్తే విరగొచ్చు కూడా, విరిగినా చాలామందికి పని నడిచిపోతుందంట. ఆపరేషన్ ఒకెత్తు, తర్వాత వేళ్లని తిన్నగా పట్టి ఉంచే రబ్బర్ బ్యాండ్ల స్ప్లింట్ పెట్టుకుని వారాల తరబడి చేసే ఫిజియో ఇంకొకెత్తు అని, ఈ జబ్బుకి వాడే మెథోట్రెక్సేట్ మందు సొంతంగా ఆపేయొద్దు, డాక్టర్ని అడగండి అని కూడా తనే చెప్పింది.

ఇప్పుడు అమ్మ జాకెట్ హుక్కులు తనే పెట్టుకుంటోంది. అక్కా, మీ పేరు తెలీదు, ఇది చూస్తే ఒక్క మెసేజ్ పెట్టండి, అమ్మ మీకు సున్నుండలు పంపుతానంటోంది, చుట్టేది మాత్రం నేనేనంట.