జీడిపిక్కలు కొట్టినవాళ్లు ఏ లెక్కలో ఉన్నారు?

సంపాదకులకు నమస్కారం.

2025 అక్టోబరులో విశాఖ డేటా సెంటర్‌కి గూగుల్ ఒప్పందం కుదిరినప్పటి నుంచి మా కాశీబుగ్గ టీకొట్లలోనూ అదే మాట. అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లట. రానివ్వండి, సంతోషమే. అయితే డేటా సెంటర్ కట్టడానికి కావలసినంతమంది కట్టాక నడపడానికి అక్కర్లేదు. యంత్రం వచ్చాక ఏమవుతుందో జీడిపిక్కల ఊరివాళ్లం కాబట్టి మాకు కొంచెం తెలుసు.

మా అమ్మ పాతికేళ్లు మిల్లులో పిక్కలు కొట్టింది, అంటే పెంకు పగలగొట్టి పప్పు తీసే పని. చేతులకి బూడిదో ఆముదమో రాసుకుని కూర్చునేది. అయినా జీడి రసం తగిలి చర్మం పొక్కేది. పెళ్లిళ్లకి వెళ్తే నల్లబడ్డ వేళ్లు కొంగులో దాచుకునేది. అందుకే మిల్లుల్లోకి కటింగ్ మెషీన్లు వచ్చాయంటే నేను బాధపడలేదు. ఆ పని ఇంకో ఆడమనిషి చెయ్యాలని ఎవరు కోరుకుంటారు? పైగా వద్దంటే ఆగేవీ కావు. 2006 నాటికే జీడిపప్పు ఎగుమతిలో మనల్ని దాటేసిన వియత్నాం కూడా యంత్రాలు పెట్టుకుంది. ఆఫ్రికా పిక్కల కోసం ఇద్దరం పోటీపడి కొంటున్నాం.

నా గొడవ వేరు. అమ్మకి కిలోల లెక్కన కూలి. మిల్లు రిజిస్టర్లో పేరు లేదు, పీఎఫ్ లేదు. ఒక సోమవారం పొద్దున్నే క్యారేజీ పట్టుకుని వెళ్తే ఇక రావద్దన్నారు, అంతే. కాగితం మీద లేని ఉద్యోగం పోయిందని ఎవరికి చెప్పుకుంటాం? మెషీను మాత్రం పెట్టుబడి కింద రాశారు. దాని ఉత్పత్తి జిల్లా వృద్ధిలో కలిసింది. అమ్మ పక్కన కూర్చునే ఇద్దరు పలాసలో రైలెక్కి హైదరాబాద్ బిల్డింగ్ పనులకి పోయారు. వాళ్ల కష్టం ఇప్పుడు తెలంగాణ వృద్ధిలో కలుస్తోంది కాబోలు!

ఇప్పుడు గ్రేడింగ్ వంతు. పప్పుని గుండు (విరగనిది), బద్ద (సగం), ముక్కగా వేరుచేసి, గుండులో మళ్లీ సైజులు తీయాలి. 320 రకం అంటే పౌను బరువుకి (సుమారు 450 గ్రాములు) ఇంచుమించు 320 పలుకులు. మా ఆడవాళ్లు కంటిచూపుతో తేల్చేస్తారు. కెమెరా ఉన్న మెషీను గంటల పని నిమిషాల్లో చేస్తుంది, రంగు కూడా పట్టేస్తుంది.

కొత్త మెషీన్లకి ప్రభుత్వం రాయితీ ఇస్తుంది కదా, ఇచ్చేముందు ఆ మిల్లులో పనిచేస్తున్న ప్రతి మనిషి పేరూ కిలో కూలీలతో సహా రాయించాలి. మెషీను నడపడం, రిపేరు చెయ్యడం వాళ్లలో కొందరికి నేర్పిస్తేనే రాయితీ విడుదల అనాలి. మెషీను ఆగితే మెకానిక్ కోసం బయటి ఊళ్లకి ఫోన్లు చేసే బదులు దగ్గరున్న ఐటీఐలో సాయంత్రం పూట మూడు నెలల కోర్సు పెట్టొచ్చు. పెద్ద చదువు అక్కర్లేదు. పప్పు చూడగానే రకం చెప్పగల మనిషికి ఆ మెషీనుకి సెట్టింగ్ పెట్టడం ఎంతసేపు?

కలెక్టరుగారు కిందటి పదేళ్లలో పని మానేసినవాళ్ల లెక్క కూడా తీయిస్తే బాగుంటుంది. మొదటి పేరు నేనే రాయిస్తాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కాశీబుగ్గ, శ్రీకాకుళం జిల్లా