కల్నల్ సార్‌కి, పొగతోట అక్కకి, ఇంకా కొందరికి

అందరికీ నమస్కారం. గోల్ఫ్ ఫిట్‌నెస్ కోర్సు మొదటి లెవెల్ సర్టిఫికెట్ చేతికొచ్చిందని ఫొటో పెడితే చాలామంది అభినందించారు. సంతోషం. "నెల్లూరులో గోల్ఫ్ ఏందిరా?" అని నవ్వినవాళ్లూ ఉన్నారు. వాళ్లమీద కోపం లేదు, నేనూ ఒకప్పుడు అలాగే నవ్వేవాణ్ణి. కానీ ఆ సర్టిఫికెట్ మీద ఉన్నది నా ఒక్కడి పేరే. ఉండాల్సిన మిగతా పేర్ల గురించి ఈ పోస్టు. పేర్లు రాయొద్దని వాళ్లే అన్నారు కాబట్టి వరసలతోనే చెబుతాను.

మాగుంట లేఅవుట్‌లో ట్రైనర్ పని ఎలా ఉంటుందో మా ఫీల్డ్ వాళ్లకి తెలుసు. పెళ్లి కుదిరిందని చేరినవాళ్లు ముహూర్తం దాటాక కనపడరు. కొత్త సంవత్సరం తీర్మానాలు శివరాత్రి దాకా నిలిస్తే గొప్ప. వీధికో జిమ్ వచ్చాక ఫీజు తగ్గించుకోవడమే పోటీ అయింది. వేరే ఏదైనా చూసుకుందామా అనుకుంటున్న రోజుల్లో కల్నల్ సార్ మా జిమ్‌లోకి వచ్చారు.

సార్ సర్వీసంతా కంటోన్మెంట్‌లలో గోల్ఫ్ ఆడారు. రిటైరై దర్గామిట్టలో ఉంటున్నా, వీలైన ఆదివారమల్లా తెల్లారకముందే కారులో నాయుడుపేట, తడ దాటి చెన్నై పోయి పాత మిత్రులతో ఆడేవారు. మొదటి రోజే చెప్పేశారు: "అబ్బాయ్, నాకు సిక్స్ ప్యాక్ వద్దు. ఆటలో ఆఖరిదైన పద్దెనిమిదో హోల్ దాకా నడుం పట్టకుండా ఉంటే చాలు." మర్నాడు ఒక ఐరన్ క్లబ్ (గోల్ఫ్ కర్ర) తెచ్చి, ఫ్యాన్ ఆపించి, డంబెల్స్ మధ్యలో నిలబడి స్వింగ్ (బంతి కొట్టే ఊపు) చేసి చూపించారు. మా ఓనర్ అన్న ఆ కాసేపూ అద్దాల వైపే చూస్తూ నిలబడ్డాడు.

నడుం నొప్పి అంటే నడుముకే ఏదో చేయాలనుకుంటాం కదా. అక్కడే పొగతోటలో ఫిజియోథెరపిస్ట్‌గా ఉన్న అక్క నా కళ్లు తెరిపించింది. సార్‌ని బోర్లా పడుకోబెట్టి, మోకాళ్లు మడిచి, పాదాలను బయటి వైపుకి వాలనిచ్చింది. తుంటి కీలు లోపలికి ఎంత తిరుగుతుందో అలా తెలుస్తుంది. కుడి పాదం బాగానే వాలింది. ఎడమది కొంచెం కదిలి ఆగిపోయింది. కుడిచేతి వాటం ఆటగాడు బంతి కొట్టేటప్పుడు బరువంతా ఎడమ కాలి మీదకి వచ్చి, కటి ఆ తుంటి మీద గిర్రున తిరగాలి. అది తిరగనంటే ఆ తిప్పుడు నడుము మీద పడుతుంది. నడుములోని అయిదు పూసలు అందుకు తయారైనవి కావు, అయిదూ కలిసి ఒక్కో వైపుకి పది డిగ్రీల అటూ ఇటూగా తిరిగితే ఎక్కువ. తిరగాల్సింది కింద తుంటి, పైన ఛాతీ వెనకున్న వెన్ను. గోల్ఫర్లలో అన్నిటికన్నా ఎక్కువగా దెబ్బతినేది నడుమే ఎందుకో ఆ బల్ల దగ్గర నాకు అర్థమైంది. ఫీజు అడిగితే, "ముందు నేర్చుకో, తర్వాత చూద్దాం" అంది అక్క. ఆ 'తర్వాత' ఇంతవరకూ రాలేదు. ఈసారి సంక్రాంతికి మలైకాజా డబ్బాతో వస్తున్నా అక్కా, వద్దనకు.

ఇక పొట్ట కోసం చేసే క్రంచెస్ పక్కన పెట్టేశాం. నేల మీద కూర్చుని తుంటి కదలికలు, పక్కకి పడుకుని పైచెయ్యి వెనక్కి తెరుస్తూ ఛాతీ తిప్పడం, కేబుల్ పట్టుకుని అది లాగుతున్నా నడుం తిరగకుండా నిలబడటం, కొన్నాళ్లకి డెడ్‌లిఫ్ట్, ఆఖర్న మెడిసిన్ బాల్‌ని (బరువైన బంతిని) గోడకేసి కొట్టడం. గోడ సున్నం రాలుతోందని ఓనర్ అన్న తన డబ్బుతో రబ్బరు షీటు వేయించాడు. 46 గ్రాములు కూడా లేని బంతి కోసం ఇంత బరువులెందుకని సార్ సణిగేవారు గానీ ఒక్క రోజూ మానలేదు. నొప్పి పూర్తిగా పోయిందని నేను చెప్పను. కొన్ని నెలలకి మాత్రం సార్ గోల్ఫ్ మైదానమంతా నడిచి ఆడి, తిరుగుదారిలో సూళ్లూరుపేట దగ్గర టీ తాగుతూ ఫోన్ చేశారు. ఆ ఫోన్ తర్వాత చెన్నైలోని ఆయన మిత్రులు ఒక్కొక్కరే వచ్చారు. కృష్ణపట్నం పోర్టు వైపు పనిచేసే ఇంజనీర్లు ఇద్దరు చేరారు. అమెరికా నుంచి సెలవులకొచ్చిన ఒంగోలు ఆయన ఇప్పుడు వీడియో కాల్‌లో చేస్తున్నారు.

నన్ను చెన్నై నందనంలోని గోల్ఫ్ మైదానానికి తీసుకెళ్లింది కూడా సారే. కారు, డీజిల్ మా బావవి. అక్కడ ఆటగాళ్ల క్లబ్బుల సంచి మోసే ఒక క్యాడీ అన్న సగం తమిళం, సగం తెలుగులో చెప్పిన పాఠం ఏ క్లాసులోనూ వినలేదు. "మొదటి హోల్ చూడొద్దు, పదమూడో హోల్ నుంచి చూడు" అన్నాడు. చూస్తే నిజమే. కాళ్లు అలిసేకొద్దీ కొట్టేటప్పుడు నడుం బంతి వైపుకి తోసుకొచ్చి, మనిషి ముందే పైకి లేస్తున్నాడు. దాన్ని ఎర్లీ ఎక్స్‌టెన్షన్ అంటారని తర్వాత సర్టిఫికెట్ కోర్సులో చదివాను.

ఆ కోర్సు టైటిలిస్ట్ పెర్ఫార్మెన్స్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లది. 2003లో డేవ్ ఫిలిప్స్ అనే కోచ్, గ్రెగ్ రోజ్ అనే కైరోప్రాక్టర్ కలిసి కాలిఫోర్నియాలో మొదలుపెట్టారు. స్వింగ్ అందరికీ ఒకటే ఉండదు, ఎవరి ఒళ్లు ఏం చేయగలదో దాన్నిబట్టే వాళ్ల స్వింగ్ అన్నది వాళ్ల పద్ధతి. ఫీజు డాలర్లలో చూసి నేను ల్యాప్‌టాప్ మూసేస్తే, ఓనర్ అన్న జీతంలో అడ్వాన్స్ ఇచ్చాడు. ఇంగ్లిష్‌లో తడబడిన చోటల్లా సార్ మనవరాలు రాత్రిపూట ఫోన్‌లో విడమరిచి చెప్పింది. థాంక్స్ అమ్మా, నీ ఇంటర్ పరీక్షలు బాగా రాయి.

కుర్రాళ్లంతా బంతి పోయే దూరం, దూరం అని నా వెంటపడుతుంటే కల్నల్ సార్ మన దేశపు గోల్ఫర్ అదితి అశోక్ పేరు ఎత్తుతారు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో బంతిని తక్కువ దూరం కొట్టేవాళ్లలో ఒకరై ఉండి కూడా ఆమె నాలుగో స్థానంలో నిలిచింది, పతకం ఒక్క స్ట్రోక్ (దెబ్బ) తేడాలో పోయింది. దూరం పెంచడం నా పనే సార్, ఒప్పుకోను గానీ, మీ మాట గుర్తుంచుకుంటా.

ఉదయం అయిదింటి బ్యాచ్ కోసం నాలుగింటికే లేచి టీ పెట్టిచ్చే మా ఇంటావిడకి ఇక్కడ ఏం రాసినా తక్కువే. ఇంట్లోనే చెప్పుకుంటా.

ప్రతి నెలా మొదటి ఆదివారం మా జిమ్‌లో గోల్ఫ్ ఆడేవాళ్లకి స్క్రీనింగ్ (ఒళ్లు ఎంత కదులుతుందో చూసే పరీక్ష) ఉచితంగా చేస్తాను. అక్క కూడా వస్తానంది. నెల్లూరు, ఒంగోలు, కావలి, ఎక్కడి నుంచైనా రండి. ఒక క్లబ్, వదులుగా ఉండే ట్రాక్ ప్యాంటు తెచ్చుకుంటే చాలు. నొప్పితో పాటు కాల్లోకి తిమ్మిరి పాకుతున్నా, పట్టు తప్పుతున్నా మాత్రం నా దగ్గరికి కాదు, ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లండి.